మోకాళ్ల గుజ్జు బిళ్లలు: డబ్బా వెనక ఏం రాసుందో చూశారా?

"గుజ్జు అరిగిపోయిందన్నారండీ, పెరగడానికి మంచి బిళ్లలేమైనా ఉంటే ఇవ్వండి." మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా ఉన్న నాకు ఈ మాట వినపడని వారం ఉండదు. చాలామంది డబ్బా ముందున్న మోకాలి బొమ్మ చూసి కొంటారు. చూడాల్సింది మాత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అపోహ: ఇవి వాడితే అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది.

మనం గుజ్జు అనేది కార్టిలేజ్. దానికి రక్తనాళాలు ఉండవు కాబట్టి అరిగినచోట పూడుకోవడం కష్టం. ఏ బిళ్లా దాన్ని తిరిగి పెంచినట్టు రుజువు కాలేదు. కనీసం నొప్పైనా తగ్గుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఈ బిళ్లల్లో ఎక్కువగా ఉండే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ అనే పదార్థాల మీద అమెరికా ప్రభుత్వ నిధులతో 'గెయిట్' అనే పెద్ద అధ్యయనం జరిగింది. 1,583 మందిని 24 వారాలు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద చూస్తే మందేమీ లేని ఉత్తుత్తి బిళ్లకీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి బాగా ఉన్న ఒక చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపి వాడినవాళ్లకి కాస్త ఉపశమనం కనిపించింది. ప్రకటనల్లో వినపడేది ఈ ఒక్క ముక్కే. ఇంకో సంగతి, ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లలోనే నూటికి 60 మందికి నొప్పి తగ్గింది! "మా పిన్నికి భలే పనిచేసింది" అని ఎవరైనా చెబితే అబద్ధం అనుకోనక్కర్లేదు, అలాగని సాక్ష్యమూ అనుకోనక్కర్లేదు.

బెండకాయ నానబెట్టిన నీళ్ల గురించి కూడా అడుగుతుంటారు. ఆ జిగురు పీచుపదార్థం, పేగుల వరకే దాని పని. మోకాలికి వెళ్లే దారి దానికి లేదు.

అపోహ: 1500 మి.గ్రా. అని పెద్దగా రాసుంటే సరిపోతుంది.

అధ్యయనాల్లో రోజుకి ఇచ్చింది 1500 మి.గ్రా. గ్లూకోసమిన్, 1200 మి.గ్రా. కాండ్రాయిటిన్. ముందు చూడాల్సింది, డబ్బా మీది లెక్క ఒక బిళ్లదా, రోజు మొత్తానిదా అని. కొన్నింట్లో ఆ 1500 రావాలంటే రోజుకి మూడు బిళ్లలు మింగాలి. అంటే నెలకనుకున్న డబ్బా పది రోజులకే అయిపోతుంది.

తర్వాత పేరు పూర్తిగా చదవండి. 'గ్లూకోసమిన్ సల్ఫేట్ పొటాషియం క్లోరైడ్' అని ఉంటే ఆ బరువులో దాదాపు పావు వంతు పొటాషియం క్లోరైడే. 1500లో అసలు గ్లూకోసమిన్ సల్ఫేట్ 1130 దగ్గర ఆగిపోతుంది. పైగా సుమారు 190 మి.గ్రా. పొటాషియం ఒంట్లోకి చేరుతుంది. మామూలు మనిషికి అదో లెక్క కాదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోమని డాక్టరు చెప్పినవాళ్లకి మాత్రం లెక్కే. సోడియం క్లోరైడ్ కలిపిన రకం ఉంటే బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

అపోహ: ఎన్ని రకాలు కలిస్తే అంత బలం.

పది పేర్లు రాసి, అన్నీ కలిపి 'బ్లెండ్ 600 మి.గ్రా.' అన్నారంటే ఏది ఎంతుందో మనకి తెలిసే దారి లేదు. అలాంటిది నేనైతే కొనను. కార్టిలేజ్‌లో ఉండే ప్రొటీన్ కొలాజెన్‌తో ఇంకో తికమక ఉంది. కోడి రొమ్ము ఎముక మృదులాస్థి నుంచి తీసే డీనేచర్ చెయ్యని, అంటే సహజ రూపం చెడగొట్టని టైప్-2 రకానికి అధ్యయనాల్లో వాడిన మోతాదు 40 మి.గ్రా. పొడిగా వచ్చే హైడ్రోలైజ్డ్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన) కొలాజెన్‌కైతే రోజుకి 10 గ్రాముల వరకూ వాడారు. ఈ రెండో రకాన్ని 40 మి.గ్రా. వేసి అమ్మితే అది పేరుకే.

శల్లకి, అంటే బోస్వెలియా సాంబ్రాణి బంక, నాకు కాస్త నమ్మకంగా అనిపించే పదార్థం. విజయవాడ కంపెనీ లైలా తయారుచేసిన సారాన్ని ఏలూరు ఆశ్రమ్ మెడికల్ కాలేజీలో 75 మంది మీద 90 రోజులు పరీక్షించి 2008లో ప్రచురించారు. నొప్పి తగ్గింది. కాకపోతే చిన్న అధ్యయనం, పైగా తయారీదారు సొంతది. ఆ ఫలితం కూడా ఏకేబీఏ అనే, ఆ బంకలో పనిచేసే ముఖ్య పదార్థం శాతం పెంచిన సారానిదే తప్ప 'బోస్వెలియా పొడి' అని మాత్రమే రాసిన డబ్బాది కాదు.

శాకాహారులకి ఒక మాట: గ్లూకోసమిన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి, కాండ్రాయిటిన్ జంతువుల మృదులాస్థి నుంచి వస్తాయి. పచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

అపోహ: హెర్బల్ కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వంట పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు. క్యాప్సూల్‌లో చాలాసార్లు 95 పాళ్ల సారం ఉంటుంది, ఒంటికి పట్టడానికి మిరియాల పిపెరిన్ కూడా కలుపుతారు. ఇలాంటి పసుపు సారాలతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పిపెరిన్ మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ లాంటి మందుల మోతాదునీ రక్తంలో పెంచగలదు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు గ్లూకోసమిన్ గానీ పసుపు సారం గానీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

అసలు భయపడాల్సింది, పొట్లంలో కట్టి ఇచ్చే పేరులేని పొడుల గురించి. పదేళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయమైతే సంతోషం కన్నా ముందు అనుమానం రావాలి. 'ఆర్ట్రీ కింగ్' అనే సప్లిమెంట్‌లో లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. మొహం గుండ్రంగా ఉబ్బుతున్నా, ఉన్నట్టుండి షుగర్ పెరిగినా స్టెరాయిడ్ కలిసిందేమో చూడాలి. నెలల తరబడి అలాంటిది వాడుతుంటే టెన్షన్‌పడి ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు.