ఐసీ పీకే ముందు ఒక్క క్షణం ఆగండి: పాత ఆడియో చిప్‌ల ధరపై అపోహలు - వాస్తవాలు

మొన్న జగిత్యాల నుంచి ఒక అబ్బాయి బస్సెక్కి కోఠి వచ్చాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా రిపేర్ టేబుల్ మీద పెట్టాడు. లోపల దూదిలో చుట్టిన ఐసీ. ఫిలిప్స్ టీడీఏ1541ఏ, సీడీలోని డిజిటల్ డేటాను పాటగా మార్చే చిప్.

"అన్నా, దీనికి ముప్పై వేలు వస్తాయట కదా?"

వాళ్ల నాన్న దుబాయ్‌లో పనిచేసిన రోజుల్లో కొనుక్కొచ్చిన సీడీ ప్లేయర్‌లోది. ఆయన ఆస్పత్రి ఖర్చులకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఏదో వీడియో చూసి ప్లేయర్ విప్పి, నిప్పర్‌తో కాళ్లు కత్తిరించి ఐసీ తీసేశాడు. "మరి ప్లేయర్ ఏది తమ్ముడూ?" అన్నాను. "పాత సామాన్ల బండికి వేసేశా. రెండు వందలిచ్చాడు."

నాకు కాసేపు మాట రాలేదు. ఇలాంటి వాళ్లు ఏడాదికి ఐదారుగురైనా వస్తున్నారు. అందరూ ఏదో అవసరంలో ఉన్నవాళ్లే. అందుకే రాస్తున్నా.

అపోహ: డబ్బంతా ఐసీలోనే ఉంది, పీకి అమ్మితే చాలు

వాస్తవం: పనిచేసే ప్లేయర్‌లో ఉన్న ఐసీకి ఆ ప్లేయరే సాక్ష్యం. సీడీ వేస్తే పాట వస్తోంది, రెండు ఛానళ్లూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. కొనేవాడికి అంతకంటే ఏం కావాలి? బయటికి లాగితే ఆ సాక్ష్యం పోయినట్టే. 1541ఏని మల్టీమీటర్‌తో చెక్ చేయలేం. +5, -5, -15 వోల్టుల సప్లైలు మూడూ ఉండాలి, డిజిటల్ డేటా అందాలి, చుట్టూ 14 డీకప్లింగ్ కెపాసిటర్లు ఉండాలి. అలాంటి టెస్ట్ బోర్డు ఎంతమంది దగ్గర ఉంటుంది? అందుకే విడి ఐసీ కొనేవాడు అది పోయిందేమో అన్న అనుమానంతోనే ధర చెబుతాడు. అతన్ని తప్పుపట్టలేం.

పైగా తీసేటప్పుడే సగం నష్టం జరుగుతుంది. 28 కాళ్లు. కత్తిరిస్తే మళ్లీ సాకెట్‌లో కూర్చోదు. హాట్ ఎయిర్ గన్ ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్‌లో చేరిన తేమ ఆవిరై లోపల పగులు తెస్తుంది. పైకి ఏమీ కనిపించదు.

ఇక ఆ ముప్పై వేల మాట. 1541 వచ్చింది 1985లో. తర్వాత 'ఏ' వచ్చింది. ఫ్యాక్టరీ పరీక్షలో లీనియారిటీ, అంటే డేటాను సిగ్నల్‌గా మార్చడంలో కచ్చితత్వం, మెరుగ్గా ఉన్నవాటిని ఏరి, వాటిమీద కిరీటం గుర్తు వేశారు. మరాంట్జ్ సీడీ-80 లాంటి సెట్లలో పెట్టింది అవే. వీడియోల్లో చూపించే ధర ఆ కిరీటానిది, అదీ అమ్మేవాడు అడిగే ధర. అడిగిన ధర వేరు, చేతికి వచ్చే డబ్బు వేరు. మామూలు 'ఏ' మీద కిరీటం ముద్రించి అమ్మే మోసగాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి తెలిసిన కొనుగోలుదారు ఒరిజినల్ బోర్డు మీద, ఫ్యాక్టరీ సోల్డర్‌తో ఉన్న ఐసీనే నమ్ముతాడు.

ఆ అబ్బాయి ఐసీ మీద కిరీటం లేదు. పొట్టి కాళ్లకు తీగలు అతికించి టెస్ట్ బోర్డు మీద పెట్టాను. ఎడమ ఛానల్ బాగుంది, కుడివైపు బరబర. ఉన్న మాట చెప్పేశాను. వెనక్కి వెళ్లి బండివాడిని వెతికి పట్టుకున్నాడట. బోర్డు అప్పటికే కిలోల లెక్కన వెళ్లిపోయింది.

మీ ఇంట్లో అలాంటి సెట్ ఉంటే సీడీ వేసి, రెండు స్పీకర్లూ వినిపించేలా వీడియో తీయండి. తర్వాత ప్లగ్ తీసేసి, మూత మాత్రమే విప్పి, ఐసీ మీది రాత కనిపించేలా ఫోటో తీయండి. రిమోట్, బిల్లు, అట్టపెట్టె ఉంటే దాచండి. ప్లేయర్ పనిచేయకపోయినా విప్పి పారేయకండి. అప్పటి ఫిలిప్స్ సెట్లలో లేజర్ ఒక చేయిలా ఊగుతూ చదువుతుంది, ఆ స్వింగ్ ఆర్మ్ మెకానిజం కోసమే వెతికే వాళ్లున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌కూ విలువ ఉంది.

అపోహ: ఐసీల్లో బంగారం ఉంటుంది

పాత ఐసీల్లో చిప్ నుంచి కాళ్లకు వెళ్లే తీగలు చాలావరకు బంగారమే. ఆ తీగ మందం సుమారు 25 మైక్రాన్లు. 28 తీగలూ కలిపినా ఒక మిల్లీగ్రాము తూగవు. దీనికోసం ఇంట్లో యాసిడ్ మరిగించేవాళ్లను చూశాను. గోధుమరంగు పొగ వస్తుంది, అది పీల్చిన కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి పని చేయకండి, దయచేసి.

అపోహ: పాత రేడియోల్లో రెడ్ మెర్క్యురీ ఉంటుంది, కోట్లు పలుకుతుంది

లేదు. అసలు అలాంటి పదార్థమే లేదు. దాని పేరు చెప్పి ఎవరైనా అడ్వాన్స్ అడిగితే పోలీసులకు చెప్పండి.

అపోహ: పాతదైతే చాలు, ధర పెరుగుతూనే ఉంటుంది

మన టేప్‌రికార్డర్లలో, కారు స్టీరియోల్లో ఉండే ఎల్‌ఏ4440 యాంప్లిఫైయర్ ఐసీ ఎంత పాతదైనా ఎవరూ డబ్బివ్వరు. అంత విరివిగా దొరుకుతుంది. అరుదైనదే అయినా భరోసా లేదు. సింథసైజర్లలో వాడే సీఈఎం3340 ఐసీని 2016లో మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టారు. అంతవరకు పాతవి దాచుకున్నవాళ్లు ఏం చేయాలి?

యాంప్లిఫైయర్లలో వాడే శాన్యో ఎస్‌టీకే మాడ్యూల్ సంగతి మాత్రం వేరు. బజార్లో నకిలీలే ఎక్కువ కాబట్టి, మంచి స్థితిలో ఉన్న పాత ఒరిజినల్‌ను రిపేర్ చేసేవాళ్లం కొంటాం. హీట్‌సింక్ నుంచి ఊడదీయకుండా బోర్డుతో సహా తీసుకురండి. మీ ముందే కరెంటిచ్చి వాయించి చూస్తాను.