క్లేర్: గెలిచినవాళ్లు కూర్చోని సీటు

2024 జులై ఎన్నికల్లో, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కున్న 18 వెస్ట్‌మిన్‌స్టర్ (బ్రిటన్ పార్లమెంటు) సీట్లలో ఏడింటిని ఐరిష్ జాతీయవాద పార్టీ షిన్ ఫేన్ గెలుచుకుంది. ఆ ఏడుగురూ లండన్ సభలో కూర్చోరు, ఓటు వేయరు. రాజుకు విధేయులమని ప్రమాణం చేయడం వాళ్లకు ఇష్టం లేదు. మన దగ్గరైతే అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైన సభ్యుడి సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం సభకు ఉంది. బ్రిటన్‌లో ఆ నిబంధన లేదు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే సీటు పోతుంది గానీ, అసలు మొహం చూపించకపోతే పోదు. ఈ వెసులుబాటు ఇంతటి రాజకీయ ఆయుధంగా ఎలా మారిందో తెలియాలంటే, ఇప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్ మ్యాపులో లేని ఒక నియోజకవర్గం దగ్గరికి వెళ్లాలి.

అప్పట్లో ఐర్లండ్ మొత్తం బ్రిటన్ పాలనలో ఉండేది. ఐర్లండ్ పడమటి తీరంలోని క్లేర్ కౌంటీకి (జిల్లా లాంటిది) 1801 నుంచి వెస్ట్‌మిన్‌స్టర్‌లో రెండు సీట్లుండేవి. 1828లో వాటిలో ఒకదాని సభ్యుడు విలియం వీసీ ఫిట్జ్‌జెరాల్డ్‌కు మంత్రి పదవి వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం మంత్రి పదవి తీసుకుంటే సభ్యత్వం రద్దవుతుంది, మళ్లీ ప్రజల ముందుకు వెళ్లి గెలవాలి. మామూలుగా అది లాంఛనం. ఈసారి క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడే నాయకుడు డేనియల్ ఓకానెల్ పోటీకి దిగాడు. ఆయన క్యాథలిక్, పైగా క్లేర్ వాడు కాదు, కెర్రీ వాడు.

క్యాథలిక్కులు పార్లమెంటులో కూర్చోకూడదనేది అందరికీ తెలిసిందే. కానీ నిషేధం ఉన్నది ఎక్కడ? పోటీ చేయకూడదని ఏ చట్టమూ అనలేదు. సభలో కూర్చునే ముందు చేయాల్సిన ప్రమాణమే అడ్డుగోడ. చర్చికి అధిపతి రాజేనని ఒప్పుకోవాలి, క్యాథలిక్ పూజావిధానం విగ్రహారాధన అని ప్రకటించాలి. ఏ క్యాథలిక్కూ ఆ మాటలు అనలేడు. అంటే నామినేషన్ వేయవచ్చు, గెలవవచ్చు, గుమ్మం దాకా వెళ్లవచ్చు. ఆ గుమ్మం దగ్గర జరిగే రభసే ఓకానెల్‌కు కావాల్సింది.

ఓటర్లలో ఎక్కువ మంది 40 షిల్లింగుల వాళ్లు. జీవితకాల కౌలు ఉండి, శిస్తు పోను ఏడాదికి కనీసం రెండు పౌండ్ల విలువ మిగిలే భూమి చేతిలో ఉంటే ఓటు వచ్చేది. 1793లో క్యాథలిక్కులకు ఓటు హక్కు వచ్చాక భూస్వాములు ఇలాంటి కౌళ్లను విచ్చలవిడిగా రాసిచ్చారు. ఎంతమంది కౌలుదార్లుంటే అన్ని ఓట్లు తమ జేబులో ఉన్నట్టేనని లెక్క. ఓటు బహిరంగంగా, నోటితో చెప్పాల్సిందే కాబట్టి ఎదురుతిరిగినవాడికి కౌలు ఊడేది. 1826లో వాటర్‌ఫర్డ్‌లో ఈ లెక్క తొలిసారి గట్టిగా తప్పింది. క్లేర్‌లో పూర్తిగా బోల్తా కొట్టింది. నెలకు ఒక పెన్నీ చందా వసూలు చేసే క్యాథలిక్ అసోసియేషన్, దానికి తోడు పల్లెల్లోని పాదిరీలు కౌలుదార్లను గుంపులుగా ఎనిస్ పట్టణానికి నడిపించారు. సారా ముట్టవద్దని ముందే కట్టడి చేశారు. గొడవ జరిగితే సైన్యం దిగడానికి సాకు దొరుకుతుందని వాళ్లకు తెలుసు. ఓకానెల్‌కు 2,057 ఓట్లు, ఫిట్జ్‌జెరాల్డ్‌కు 982. విచిత్రమేమిటంటే ఓడినాయన కూడా క్యాథలిక్కుల హక్కులను సమర్థించినవాడే.

అల్లర్లు తప్పవని భయపడిన బ్రిటన్ ప్రధాని వెల్లింగ్టన్ ప్రభుత్వం 1829 ఏప్రిల్ 13న క్యాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచింది. అదే సమయంలో రెండు పనులు చేసింది. చట్టం వచ్చాక ఎన్నికైనవాళ్లకే కొత్త ప్రమాణం అని రాసింది, దాంతో మేలో సభకు వచ్చిన ఓకానెల్ చేతిలో పాత ప్రమాణ పత్రమే పెట్టారు. ఆయన నిరాకరించాడు, మళ్లీ ఎన్నిక పెట్టారు, జులైలో పోటీ లేకుండా గెలిచాడు. రెండోది అసలైన దెబ్బ: కౌంటీల్లో ఓటు అర్హతను రెండు పౌండ్ల నుంచి పది పౌండ్లకు పెంచారు. ఐర్లండ్ కౌంటీ ఓటర్లు సుమారు 2,16,000 నుంచి 37,000కు పడిపోయారు. విజయం తెచ్చిన కౌలుదార్లే దాని ఖరీదు కట్టారు. ఓకానెల్ కీర్తి గానాల్లో ఈ సంగతి వినిపించేది తక్కువ.

బహిరంగ ఓటు ఇంకో నలభై ఏళ్లకు పైగా సాగింది. 1852 ఎన్నికల్లో ఓటేయడానికి వెళ్తున్న కౌలుదార్లకు కాపలాగా వచ్చిన సైనికులు క్లేర్‌లోని సిక్స్‌మైల్‌బ్రిడ్జ్ దగ్గర జనం మీద కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. రహస్య బ్యాలెట్ 1872లో వచ్చింది. 1885లో కౌంటీని ఈస్ట్ క్లేర్, వెస్ట్ క్లేర్ అని రెండు ఏకసభ్య స్థానాలుగా విడగొట్టారు.

ఈలోగా పక్కనున్న టిప్పరరీ మరో ప్రయోగం చేసింది. 1869లో జైల్లో ఉన్న ఫీనియన్ (బ్రిటిష్ పాలన మీద సాయుధ పోరాటం కోరిన రహస్య సంఘం సభ్యుడు) ఓడొనవన్ రోసాను, 1875లో శిక్ష పడి తప్పించుకున్న జాన్ మిచెల్‌ను ఎన్నుకుంది. శిక్ష పడినవాళ్లకు అర్హత లేదంటూ ఆ ఎన్నికలను సభ చెల్లనివ్వలేదు. అప్పటిదాకా ఇదంతా సభ బయటికి నెట్టిన వాళ్ల కథ. తామే రామనడం అన్న ఆలోచనకు రూపమిచ్చింది షిన్ ఫేన్ స్థాపకుడు ఆర్థర్ గ్రిఫిత్. వియన్నా సభను బహిష్కరించి 1867లో సొంత ప్రభుత్వం సాధించుకున్న హంగేరీ వాళ్లను 1904లో ఆయన ఉదాహరణగా చూపించాడు. 1908లో నార్త్ లీట్రిమ్‌లో ఈ విధానంతో పోటీ చేసిన అభ్యర్థి చిత్తుగా ఓడిపోయాడు.

1917 జూన్ 7న ఈస్ట్ క్లేర్ సభ్యుడు విల్లీ రెడ్మండ్ బెల్జియంలోని మెసీన్ పోరులో చనిపోయాడు. ఆయన 1892 నుంచి అక్కడి సభ్యుడు, బ్రిటన్ కిందే ఐర్లండ్‌కు స్వపరిపాలన కోరే హోమ్ రూల్ పార్టీ నాయకుడు జాన్ రెడ్మండ్‌కు స్వయానా తమ్ముడు. అదే నెలలో జైలు నుంచి విడుదలైన ఏమన్ డి వలేరా షిన్ ఫేన్ తరఫున నిలబడ్డాడు. బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఆయనకు పడిన మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. జులై 10న పోలింగ్. డి వలేరాకు 5,010, స్థానిక న్యాయవాది ప్యాట్రిక్ లించ్‌కు 2,035 ఓట్లు వచ్చాయి. ఇది కుర్రకారు ఊపు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఓటర్ల జాబితా పాతది, ఓటు ప్రధానంగా ఇంటి పెద్దలది, ఆడవాళ్లకు అసలు లేదు. అంతకు రెండు నెలల ముందు సౌత్ లాంగ్‌ఫర్డ్‌ను షిన్ ఫేన్ 37 ఓట్లతో గట్టెక్కి గెలిచింది. షిన్ ఫేన్ బలం మీదున్న అనుమానాలను ఈస్ట్ క్లేర్ తేడా తుడిచేసింది.

1918 డిసెంబర్‌లో అక్కడ డి వలేరాకు పోటీయే లేదు. ఐర్లండ్ మొత్తం 105 సీట్లలో షిన్ ఫేన్‌కు 73 వచ్చాయి. గెలిచినవాళ్లు లండన్ వెళ్లకుండా 1919 జనవరి 21న డబ్లిన్‌లో డాయిల్ పేరుతో సొంత సభ పెట్టుకున్నారు. ఈస్ట్ క్లేర్ వెస్ట్‌మిన్‌స్టర్ సీటు ఖాళీగానే ఉండి 1922లో రద్దయింది. డబ్లిన్ సభకు మాత్రం క్లేర్ మొత్తం ఒకే బహుసభ్య నియోజకవర్గంగా కొనసాగింది.

గైర్హాజరు అంతటితో ఆగలేదు. ఐర్లండ్‌లో ఎక్కువ భాగానికి సొంత పాలన ఇచ్చిన 1921 నాటి బ్రిటన్ ఒప్పందం తర్వాత డాయిల్ ప్రమాణంలోనూ రాజు పేరు చేరింది. డి వలేరా 1923లో ఎనిస్ సభలో అరెస్టయి కూడా 17,762 ఓట్లతో క్లేర్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, కానీ సభకు వెళ్లలేదు. ఈ పట్టుదలతో ఫలితం లేదని 1926లో షిన్ ఫేన్‌ను వదిలి ఫియానా ఫాయిల్ స్థాపించాడు. 1927 జులైలో మంత్రి కెవిన్ ఓహిగిన్స్ హత్య జరిగాక ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది: గెలిస్తే ప్రమాణం చేస్తానని నామినేషన్ దగ్గరే హామీ ఇవ్వాలి. బ్రిటన్ మూసుకోని సందును డబ్లిన్ మూసేసింది. ఆగస్టులో డి వలేరా బైబిల్‌ను పక్కకు జరిపి, ఇది వట్టి లాంఛనం అంటూ పుస్తకంలో సంతకం చేసి లోపలికి వెళ్లాడు. 1932లో అధికారంలోకి వచ్చి, మరుసటి ఏడాది ఆ ప్రమాణాన్నే ఎత్తేశాడు. 1959లో అధ్యక్షుడయ్యే వరకు క్లేర్ సభ్యుడు ఆయనే.