అపోహలు - వాస్తవాలు: థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకితే

టెక్కలి వైపు నుంచి ఒకావిడ వచ్చారు, వయసు 50. గొంతు ఆపరేషన్ అయింది. స్కాన్‌లో ఊపిరితిత్తుల నిండా ఆవగింజల్లాంటి చుక్కలు. పక్కనున్న భర్త అడిగింది ఒక్కటే: "ఊపిరికి ఎక్కిపోనాది గదా డాక్టరు బాబూ, ఇంక లాస్ట్ స్టేజేనేటి?"

శ్రీకాకుళం ఓపీలో నేను ఎక్కువగా వినే మాట ఇదే.

అపోహ: ఊపిరితిత్తులకు పాకితే అది లంగ్ క్యాన్సర్, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఎక్కడ చేరినా అవి థైరాయిడ్ కణాలే. పాపిల్లరీ, ఫాలిక్యులర్ అనే థైరాయిడ్ క్యాన్సర్ రకాల్లో వయసు 55 లోపు అయితే, ఊపిరితిత్తులకు పాకినా లెక్కలో రెండో స్టేజే. అయోడిన్‌ను లాక్కోవడం థైరాయిడ్ కణం బుద్ధి. చాలామందిలో ఊరు మారినా ఆ బుద్ధి మారదు. మేం రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వెలువరించే అయోడిన్, మింగించేది అందుకే. దాన్ని పీల్చుకున్న కణం ఆ రేడియేషన్‌కే చస్తుంది. అన్ని కణాలూ పీల్చుకోవు, నిజమే. మెడుల్లరీ, అనాప్లాస్టిక్ రకాలకు ఈ మందు పనికిరాదు, వాటి వైద్యం వేరు.

అపోహ: అయోడిన్ వైద్యమే కదా, ముందు నుంచే అయోడిన్ బాగా తినాలి.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. కణాలను ముందు ఆకలితో మాడ్చాలి. డోసుకు ముందు ఒకటి రెండు వారాలు చేపలు, రొయ్యలు, పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన, అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు బంద్. సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు ఎండుచేప మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ సంచిలోంచి పొట్లం తీసి విప్పారు. నౌపడ కల్లుప్పు. "ఇది ప్యాకెట్ ఉప్పు కాదు గదా?" తెలివైన ప్రశ్నే, కానీ సముద్రపు ఉప్పు కూడా వద్దన్న జాబితాలోనే ఉంది. అయోడిన్ కలపని శుద్ధి చేసిన ఉప్పు రాసిచ్చాను. డోసు ముగిశాక మామూలు ఉప్పే వాడుకోవచ్చు. ఇంకోటి, నరానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో కూడా అయోడిన్ ఉంటుంది. తొందరపడి అది తీయించుకుంటే డోసు వారాలపాటు వాయిదా పడుతుంది.

అపోహ: ఇంటికొస్తే పిల్లలకు అంటుకుంటుంది.

వాస్తవం: క్యాన్సర్ అంటుకోదు. జాగ్రత్త రేడియేషన్ గురించే, అదీ కొన్నాళ్లే. ఈ అయోడిన్ బలం 8 రోజులకోసారి సగమవుతుంది, పైగా చాలావరకు మూత్రంలో ముందే పోతుంది. విడిగా పడుకోవాలి, బాత్రూంలో నీళ్లు రెండుసార్లు పోయాలి.

డోసు తర్వాత ఆవిడకు మనవడిని ఎత్తుకోవచ్చన్న తేదీ కాగితం మీద వేసిచ్చాను. ఆ ఒక్క లైనూ భర్తతో రెండుసార్లు చదివించుకున్నారు.