మేడ మీద టార్పాలిన్ ఎందుకు చిరుగుతుంది?

2015 డిసెంబర్ వరదల్లో చెన్నైలో కింది అంతస్తులు మునిగినప్పుడు ఎంతోమంది మేడలెక్కారు. అలాంటప్పుడు నెత్తిన కాస్త మరుగు కావాలంటే టార్పాలినే దిక్కు. మన ఊళ్లలో ధాన్యం రాశుల మీద కప్పే బరకం పట్టాయే అది. చెన్నైలోని ప్యారిస్ కార్నర్ బజారు వైపు కొనబోతే జీఎస్ఎం ఎంతో అడగండి, అంటే చదరపు మీటరు పట్టా తూగే గ్రాములు. ఓ 200 ఉంటే బాగానే పనికొస్తుంది. మందం చూసి మురిసిపోనక్కర్లేదు, ఎందుకంటే ముందుగా చిరిగేవి మూలలే.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువు మోపినట్టు. అదే 72 అయితే 25 కిలోలు. ఈ లెక్కన 4×6 మీటర్ల పట్టా గాలికి నిటారుగా నిలిస్తే 600 కిలోల తోపు! ఆ లాగుడంతా తాడు కట్టేందుకు అంచు చిల్లులకు బిగించిన రింగుల మీదే పడుతుంది. అందుకే రింగును నమ్ముకోకుండా, మూలలో నిమ్మకాయంత నున్నటి గులకరాయి పెట్టి, పట్టాను దాని చుట్టూ ముడిచి, మెడ దగ్గర తాడు బిగించాలి. అప్పుడు లాగుడు ఒక్క చిల్లు దగ్గర కాకుండా రాయి చుట్టూ ఉన్న పట్టా అంతా పంచుకుంటుంది.

చదునుగా కడితే వానతో చిక్కు. మధ్యలో రవ్వంత కుంగితే చాలు, అక్కడ నీరు నిలుస్తుంది, ఆ బరువుకు ఇంకా కుంగుతుంది, ఇంకా నీరు చేరుతుంది. రెండడుగుల దూరానికి అడుగు ఎత్తు చొప్పున వాలు ఇవ్వండి. పట్టాను మధ్యలో ఎత్తి పట్టే నడిమి తాడు వాటర్ ట్యాంకు దిమ్మె స్తంభానికి కట్టాలి గానీ పీవీసీ పైపుకు కాదు. పైపు విరిగిందంటే ఉన్న నీళ్లకు ట్యాంకు నీళ్లూ తోడవుతాయి. తాడును మరీ బిగించినా ప్రమాదమే: మధ్యలో 10 కిలోలు వేలాడితే, అడ్డంగా ఉండే గీత నుంచి 5 డిగ్రీలే కిందికి వంగిన తాడు మీద పడే లాగుడు 57 కిలోలు. వంపు 15 డిగ్రీలుంటే 19 కిలోలే.

ఈశాన్య రుతుపవనాల కాలంలో పట్టా పల్లపు అంచు ఈశాన్యానికి ఉండాలి. తుఫాను నగరం మీదుగా దాటితే మాత్రం ఈ ఏర్పాటు పనికిరాదు. ముందు ఉత్తరం నుంచి కొట్టిన గాలి, తుఫాను దాటాక దక్షిణం నుంచి కొడుతుంది. 2016లో వర్ధా తుఫాను వచ్చినప్పుడు గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. అలాంటి హెచ్చరిక వస్తే ముందే పట్టా విప్పి, మడిచి, అందరూ మేడ దిగి లోపలికి పోవాల్సిందే.