స్పోర్ట్స్ మాంగా: అపోహలు - వాస్తవాలు

కామిక్స్‌కి పేజీ లేఅవుట్లు వేయడం నా పని. ఏ గడి ఎంత పెద్దదిగా ఉండాలి, పేజీ ఎక్కడ తిప్పించాలి, డైలాగు ఎక్కడ తీసేయాలి, రోజూ ఇదే గొడవ. అందుకే ఎవరైనా స్పోర్ట్స్ మాంగాని, అంటే ఆటల చుట్టూ తిరిగే జపనీస్ కామిక్స్‌ని, తేలిగ్గా తీసిపారేస్తే ఊరుకోలేను. తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: ఆట రూల్స్ తెలియకపోతే బుర్రకెక్కదు.

వాస్తవం: చాలాసార్లు తెలియకపోవడమే మంచిది. 'స్లామ్ డంక్' (1990-96) హీరో సకురాగి ఒక అమ్మాయి మెప్పు కోసం బాస్కెట్‌బాల్ జట్టులో చేరతాడు, ఆటలో ఓనమాలు కూడా రావు. ఒక మూలన నిలబెట్టి డ్రిబ్లింగ్ చేయిస్తుంటే అతనితో పాటు మనమూ నేర్చుకుంటాం, అతనితో పాటే విసుక్కుంటాం. 'చిహయఫురు'లో ఆట పేరు కరుతా. ఒకరు పాత జపనీస్ పద్యం ఎత్తుకుంటారు, దాని రెండో సగం రాసి ఉన్న కార్డును ఎదుటివాళ్ల కంటే ముందు కొట్టేయాలి. ఆటలో వాడే 100 పద్యాల్లో ఏడింటిని మొదటి అక్షరానికే పట్టేయొచ్చు. ఈ మాత్రం తెలిస్తే చాలు, ఇక పద్యం అందుకునే ముందు పీల్చే ఊపిరి కూడా టెన్షన్ పెట్టేస్తుంది.

అపోహ: చివరికి హీరోనే కప్పు కొడతాడు, ఇక చదవడం దేనికి?

వాస్తవం: బాగా పేరున్నవాటినే చూడండి. 'స్లామ్ డంక్'లో సకురాగి జట్టు షోహోకు ఛాంపియన్ సన్నోని 79-78తో ఓడించి, తర్వాతి రౌండ్‌లోనే చిత్తుగా ఓడిపోతుంది, ఆ ఓటమిని ఒక్క ముక్కలో తేల్చేశారు. 'అషితా నో జో' బాక్సర్ ఆఖరి పోరులో పాయింట్ల మీద ఓడతాడు. అదే కథలో అతని ప్రత్యర్థి రికీషి చనిపోతే 1970లో టోక్యోలో నిజంగానే అంత్యక్రియల సభ పెట్టారు, దాదాపు 700 మంది వచ్చారు. ఒక బొమ్మ మనిషికి! గెలుపు కోసమే చదివేవాళ్లు ప్రత్యర్థి కోసం ఏడవరు కదా.

అపోహ: ఐదు సెకన్ల షాట్‌ని పేజీలకు పేజీలు లాగుతారు, వట్టి సాగతీత.

వాస్తవం: ఇందులో సగం నిజం. బంతి గాల్లో ఉండగా చిన్ననాటి జ్ఞాపకం, స్టాండ్స్‌లో ఉన్నవాళ్ల వ్యాఖ్యానం, మళ్లీ ఇంకొకడి జ్ఞాపకం... మన డైలీ సీరియల్లో ఒక్కో మొహాన్నీ మూడేసిసార్లు చూపించినట్టే ఉంటుంది, నేనూ అలాంటి పేజీలు దాటేస్తాను. కానీ ఈ రకం కథకి ప్రాణం కూడా ఆ సాగదీయడంలోనే ఉంది. సన్నోతో ఆట చివరి క్షణాల్లో 'స్లామ్ డంక్' రచయిత ఇనొవే డైలాగులు దాదాపు పూర్తిగా తీసేశాడు. పరుగు, పాస్, పైకి లేచిన చేతులు, అంతే. పేజీలు బోలెడు, చదవడానికి పట్టే సమయం మాత్రం తక్కువ, ఎందుకంటే మాటలు లేకపోయేసరికి కన్ను జారిపోతుంది, మనం పేజీ తిప్పే వేగమే ఆట వేగం అయిపోతుంది. తర్వాత, అంతదాకా ఒకరంటే ఒకరికి పడని సకురాగి, అతని జట్టులోని రుకావా చేతులు చరుచుకునే బొమ్మ రెండు పేజీల నిండా వస్తుంది. అక్కడ ఆగి తీరాల్సిందే.

అపోహ: ఇవి మగపిల్లల కథలు.

వాస్తవం: 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ మహిళల వాలీబాల్ జట్టు స్వర్ణం గెలిచింది. 1968లోనే అమ్మాయిల పత్రికలో 'అటాక్ నం. 1' అనే వాలీబాల్ మాంగా మొదలైంది. దీని మీద ఇంకా వాదన అనవసరం.

అపోహ: కథలో ఆట ఉంటే చాలు, స్పోర్ట్స్ మాంగానే.

వాస్తవం: నేనొప్పుకోను. కథలో పడ్డ ముడి ఆట నియమాల లోపలే వీడాలి, నా లెక్క ఇది. 'హికారు నో గో'లో ఎవరికీ చెమట పట్టదు, పైగా ఒక దెయ్యం కూడా ఉంది, అయినా అది ముమ్మాటికీ స్పోర్ట్స్ మాంగానే, ఎందుకంటే తేలాల్సినదంతా గో (నల్ల, తెల్ల రాళ్లతో ఆడే ఆట) బోర్డు మీదే తేలుతుంది. మంత్రశక్తుల్లాంటి షాట్లతో కోర్టు బద్దలైపోయే కథలు మాత్రం నా దృష్టిలో ఫైటింగ్ మాంగాలే, చేతిలో రాకెట్ ఉన్నా సరే. ఇక 'టచ్' (1981-86) గోడ మీద పిల్లి. బేస్‌బాల్ ఉంది, కానీ మనసంతా కవల సోదరులు, పక్కింటి అమ్మాయి మీదే. అందరూ కలలుగనే కోషియెన్ అనే జాతీయ హైస్కూల్ బేస్‌బాల్ టోర్నమెంటునే చూపించకుండా దాటేసిన కథ అది.

అపోహ: మన ఆటలకు ఈ పద్ధతి కుదరదు.

వాస్తవం: 'షకునెత్సు కబడ్డీ' జపాన్‌లో 2015లోనే మొదలైంది. కూతకు 30 సెకన్లే గడువు, ఎదురుగా ఏడుగురు, నోరు కూతకే సరిపోతుంది కాబట్టి ఆటగాడు డైలాగు కొట్టలేడు, వాడి ఆలోచనంతా కాళ్లలో, కళ్లలో గీసి చూపించాలి. లేఅవుట్ వేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి!