బెలుం గుహలకు స్వెట్టర్ ఎందుకన్నా? రూటు డ్రైవర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నంద్యాల నుంచి టూరిస్టు బండి నడుపుతాను. బెలుం, యాగంటి, మహానంది, అహోబిలం, గండికోట... సెలవులొస్తే నెలంతా ఇదే రూటు. బండెక్కేవాళ్లు మారతారు గానీ, అడిగే మాటలు మాత్రం మారవు.

అపోహ: గుహలో ఏసీ వేసినట్టు చల్లగా ఉంటుంది.

పోయిన డిసెంబరులో ఒక ఫ్యామిలీ నలుగురికీ స్వెట్టర్లు వేసి లోపలికి తీసుకెళ్లింది. బయటికొచ్చేసరికి అవన్నీ నడుముకు కట్టుకుని ఉన్నారు, ఒళ్లంతా చెమట. నేలలో లోతుకు వెళ్లేకొద్దీ ఎండాకాలం, చలికాలం అనే తేడా పోతుంది. ఆ ఊరి ఏడాది సగటు వేడి ఎంతో, లోపల దాదాపు అంతే ఉంటుంది. రాయలసీమ సగటు ఎంతుంటుందో వేరే చెప్పాలా! పైగా లోపల తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. పల్చటి నూలు బట్టలు వేసుకోండి, చాలు.

అపోహ: మహానంది కోనేరు నీళ్లు ఎండాకాలం చల్లబడతాయి, చలికాలం వేడెక్కుతాయి.

ఇదీ పై సంగతే. అవి నల్లమల పాదాన నేలలోంచి ఊరే నీళ్లు, వాటి వేడిలో పెద్ద తేడా రాదు. మారేది మన ఒళ్లు. మే నెల ఎండలో మాడి వచ్చి దిగితే చల్లగా, డిసెంబరు తెల్లవారుజామున వణుకుతూ దిగితే గోరువెచ్చగా తగులుతాయి. ఈ మాట చెప్పినందుకు ఒక పెద్దావిడ "అయితే స్వామి మహిమ లేదంటావా?" అని గద్దించింది. "ఏడాది పొడవునా ఎండకుండా ఊరుతోంది కదమ్మా, అది చాలదా" అన్నాను. టీ ఇప్పించింది.

అపోహ: బెలుంలో ఊపిరి ఆడదు.

బయటి నుంచి గొట్టాలతో గాలి పంపుతారు, భయం లేదు. అయితే ఆస్తమా, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా వెళ్లాలని పంతం పట్టొద్దు. గుహలో అన్నిటికంటే లోతైన చోటు అదే, 46 మీటర్లు. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. (శ్రీశైలంలో కూడా పాతాళగంగ ఉంది కదా, రెండూ కలుస్తాయా అని అడుగుతుంటారు. అక్కడున్నది కృష్ణమ్మ. కలిసింది పేరొక్కటే.)

అపోహ: రాయే కదా, ముట్టుకుంటే అరిగిపోతుందా?

నాకు కోపం తెప్పించే మాట ఇదొక్కటే. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ కప్పు దగ్గర చుక్కగా నిలిచినప్పుడు ఆ గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, కరిగిన సున్నం పొరలా అక్కడే మిగులుతుంది. అలా చుక్క మీద చుక్క పేరుకుంటే రాతి ఊడ. ఏడాదికి సుమారు మిల్లీమీటరులో పదో వంతు. అంటే మీ అరచేయంత ఊడకు వెయ్యేళ్లకు పైనే! మన చేతి జిడ్డు అంటితే సున్నం సరిగా పట్టదు, అక్కడ పెరుగుదల ఆగిపోతుంది. బెలుంలో తడితే స్వరాలు పలికే రాతి ఊడలున్న చోటును సప్తస్వరాల గుహ అంటారు, అక్కడ వరసబెట్టి రాళ్లు వాయించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఒక పిల్లాడు వేలెడంత ముక్క విరిచి జేబులో వేసుకొచ్చాడు. వాళ్ల నాన్న తిడతాడనుకున్నా, ఫొటో తీశాడు.

అపోహ: బెలుం దేశంలోనే రెండో పొడవైన గుహ.

మైదాన ప్రాంతాల వరకైతే ఇదే పెద్దది అంటారు. మొత్తం 3,229 మీటర్లు, మనం తిరిగేది అందులో సుమారు కిలోమీటరున్నర. మేఘాలయలో క్రెమ్ లియట్ ప్రా ఒక్కటే 30 కిలోమీటర్లు దాటింది, ఇంకా చాలా గుహలు బెలుం కన్నా పొడవైనవే. అయినా మన బెలుంకు వచ్చిన లోటేమీ లేదు.

బొర్రా గుహల గురించి కూడా ఒకటి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫీసరు కనిపెట్టాడని తెగ రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో!

అపోహ: గండికోట లోయ భూకంపానికి చీలింది.

కాదు. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయింది, అంతే. వేసవిలో సన్నగా పారే పెన్నాను చూసినవాళ్లు నమ్మరు గానీ, నీటికి తొందర లేదు.

అపోహ: ఈత వస్తే జలపాతం దగ్గర భయం లేదు.

ఊరి బావిలో నేర్చిన ఈత ఇక్కడ పనికిరాదు. నీళ్లు పడే చోట నురగ నిండా గాలే, ఒంటిని తేల్చదు. అడుగున బండలు కనపడవు, పాచి మీద కాలు నిలవదు. అన్నిటికన్నా ప్రమాదం, మన నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సెల్ఫీ మధ్యలో ఆపేసి గట్టెక్కాలి. అహోబిలం వైపు వెళ్లినప్పుడు నేనూ వెనకాలే వచ్చి ఒడ్డున కూర్చుంటాను. "రండి" అని అరిస్తే ఎందుకని అడగొద్దు. తడి బట్టలతోనే బండెక్కండి, సీట్లకు ప్లాస్టిక్ కవర్లు వేసే ఉంచుతాను.