ఐపీవీ6, రివర్స్ ప్రాక్సీ: అపోహలు - వాస్తవాలు

ఐపీవీ6 అంటే పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన పొడవాటి ఇంటర్నెట్ అడ్రస్. రివర్స్ ప్రాక్సీ అంటే సైట్ ముందు నిలబడి, వచ్చినవాళ్ల అభ్యర్థనలను వెనకున్న యాప్‌కు అందించే సర్వర్.

అపోహ: మన కస్టమర్లకు ఐపీవీ6 ఎక్కడుంది?

గాజువాక నుంచి మధురవాడ దాకా ఎవరి చేతిలో చూసినా మొబైల్ డేటానే. జియో ఫోన్లకు ఐపీవీ6 అడ్రస్ వస్తుంది. మీ సైట్‌లో అది లేకపోయినా ఆపరేటర్ నాట్ (అడ్రస్‌లు మార్చే వ్యవస్థ) గుండా పేజీ తెరుచుకుంటుంది, అందుకే ఎవరికీ పట్టదు. కానీ ఆ నాట్ వెనక చాలామందికి కలిపి ఒకే ఐపీవీ4 అడ్రస్. ఒకడిని బ్లాక్ చేస్తే పక్కవాళ్లూ పోతారు.

అపోహ: వెనకున్న యాప్ సర్వర్లన్నీ మార్చాలి.

అక్కర్లేదు. బ్రౌజర్ నుంచి ప్రాక్సీకి ఒక కనెక్షన్, అక్కణ్నుంచి యాప్‌కు ఇంకొకటి. రెండోది 10.0.0.5 లాంటి పాత అడ్రస్ మీదే నడవొచ్చు. ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్‌లో 443 పోర్టు లిజెన్ లైను ఉంచి, దాని కింద [::]:443 లైను చేర్చండి. ప్రతి సైట్ బ్లాక్‌లోనూ చేర్చాలి సుమా! ఒకదాంట్లో మరిచిపోతే ఐపీవీ6 మీద వచ్చినవాళ్లకు పక్క సైట్ సర్టిఫికెట్ కనిపిస్తుంది.

అపోహ: డీఎన్‌ఎస్‌లో ఏఏఏఏ రికార్డు (సైట్ పేరుకు ఐపీవీ6 అడ్రస్ చెప్పేది) పెడితే అయిపోయినట్టే.

అది ఆఖరి పని. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ రూల్స్ ఐపీవీ6కు వర్తించవు, ఐపీ6టేబుల్స్‌లో 80, 443 పోర్టులు విడిగా తెరవాలి. మూసి ఉన్నా బ్రౌజర్ చప్పుడు చేయకుండా ఐపీవీ4కు మారిపోతుంది, కాబట్టి మీకు తెలియదు. ఆ తెలివి లేని స్క్రిప్టులే ఆగిపోతాయి.

అపోహ: ఐసీఎంపీ (నెట్‌వర్క్ ఇబ్బందులు తెలిపే సందేశాలు) మూసేస్తే భద్రత.

ఐపీవీ6లో ఇది కొంప ముంచుతుంది. దారిలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పెద్దదైతే టైప్ 2 సందేశంతో పంపినవాడికే చెబుతాయి. ఆ సందేశాన్ని ఫైర్‌వాల్ మింగేస్తే కనెక్షన్ కుదురుతుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పొరుగు యంత్రాలు ఒకదాన్నొకటి వెతుక్కునే టైప్ 135, 136 కూడా ఆపితే సర్వరే నెట్‌వర్క్‌లో కనిపించదు.

అపోహ: యాప్‌కు ఇవేవీ తెలియనక్కర్లేదు.

అసలు తంటా ఇక్కడే. యాప్‌కు కనిపించేది ప్రాక్సీ అడ్రస్. కస్టమర్ అసలు అడ్రస్ ప్రాక్సీ జతచేసే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో వస్తుంది. దాన్ని మీ ప్రాక్సీ పంపితేనే నమ్మండి, లేకపోతే ఎవడైనా దొంగ అడ్రస్ రాసి పంపగలడు. డేటాబేస్‌లో అడ్రస్‌కు 15 అక్షరాల కాలమ్ చాలదు, 45 పెట్టండి. ఐపీవీ6 అడ్రస్‌లోనే కోలన్లుంటాయి, కాబట్టి పోర్టు కోసం కోలన్ దగ్గర కోసే పాత కోడ్ అడ్రస్‌నే విరగ్గొడుతుంది. రేట్ లిమిట్ (ఒకరికి ఇన్ని అభ్యర్థనలే అనే హద్దు) ఒక్కో అడ్రస్‌కు కాదు, /64కు, అంటే మొదటి 64 బిట్లు ఒకటే ఉన్న అడ్రస్‌ల గుంపుకు పెట్టాలి. ఒకే ఫోన్ ఆ పరిధిలో అడ్రస్‌లు మార్చుకుంటూ పోగలదు.

రుషికొండ ఆఫీసు వైఫైలో ఐపీవీ6 లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి కర్ల్ -6 కమాండ్‌తో (ఐపీవీ6 మీదే పేజీ తెచ్చేది) పరీక్షించండి.